రెండు ఘడియల తేడా

మొన్న పొరుగింటావిడ కొత్త పంచాంగం చూపించింది. అందులో రంగూన్ సూర్యోదయం వేరుగా అచ్చు వేసి ఉండడం చూసి నా కళ్ళు చెమర్చాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి, మీరూ నా ఈడు వాళ్ళే కదా.

ఇరవైల నాటి మాట. రంగూన్‌లో సేక్కాన్ రేవు పక్క, కూలీలుండే బారకాసులో మా మేనమామా నేనూ ఉండేవాళ్ళం. ఆయన ఓడలకు బియ్యం బస్తాలు ఎక్కించే జట్టుకు మేస్త్రీ. తల్లీ తండ్రీ లేని నన్ను విశాఖపట్నంలో ఓడెక్కించి తెచ్చి, చదివించి, తెలుగు బడిలో పంతుల్ని చేశాడు. ఆ పరాయి ఊళ్ళో నాకు ఆయన తప్ప ఎవరున్నారు గనక! ఏటా మన దేశం నుంచి వచ్చే పంచాంగం విప్పి, పొద్దు పొడిచింది మొదలు ఘడియలు లెక్కగట్టి, బారకాసు మొత్తానికి మంచీ చెడ్డా చెప్పేదీ ఆయనే.

ఆ రోజుల్లో బడిలో ఒక పుస్తకం నా చేతికొచ్చింది. భూమి నడుమ నిలిచి ఉండగా సూర్యుడు చుట్టూ తిరుగుతాడని లోకమంతా నమ్మిన కాలంలో, నడుమ ఉన్నది సూర్యుడే, తిరిగేది మనమే అని పడమటి దేశపు చర్చి ఉద్యోగి ఒకాయన కనిపెట్టాడట. కనిపెట్టి కూడా, నలుగురూ నవ్వుతారని ఏళ్ళ తరబడి తన రాతను పెట్టెలోనే ఉంచుకుని, పోయే ముందు గాని అచ్చు వేయించలేదట. ఎంత పిరికివాడో అనుకున్నాను. మామకు చెబితే పకపకా నవ్వి, "బూమి తిరిగితే నానెప్పుడో పడిపోదును గదేటిరా" అన్నాడు. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది.

ఆ ఏడు వానాకాలంలో సాయంత్రం పూట చంద్రగ్రహణం వచ్చింది. తిరిగే భూమి మీద మన దేశానికి తూర్పున ఉన్న రంగూన్‌కు పొద్దు ముందే పొడుస్తుంది, పంచాంగంలోని ఘడియలేమో మన దేశపు పొద్దు నుంచి వేసినవి. కాబట్టి వాటిని రంగూన్ పొద్దు నుంచి లెక్కగడితే, మామ చెప్పే గ్రహణం విడుపు అసలు విడుపుకు రెండు ఘడియలు, అంటే ముప్పావు గంట పైనే, ముందు వస్తుంది. ఇది నాకు రెండు రోజుల ముందే తెలుసు. చెవిలో చెబితే సరిపోయేది. చెప్పలేదు. అందరి ముందూ నెగ్గాలని ఉంది, ఏం చేయను!

ఆకాశమంతా మబ్బు. విడుపయిందని మామ కేకేయగానే, పొద్దుటి నుంచి పస్తున్న జట్టంతా స్నానాలు చేసి కంచాల ముందు కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిన్నారో లేదో, మబ్బు విడిపోయి, సగం మింగిన చంద్రుడు పైన కనిపించాడు. నిండు నెలల ఆడకూతురొకావిడ ముద్ద ఉమ్మేసి ఏడుపు అందుకుంది. నేను లేచి, బడిలో పాఠంలా, భూమి సంగతీ ఘడియల సంగతీ విడమరచి చెప్పాను. మామ అందరినీ వదిలి నా వైపే చూశాడు.

"నీకు ముందే తెల్సునేటిరా?"

తెలుసన్నాను.

ఆ ఆడకూతురికి పండులాంటి బిడ్డ పుట్టింది. అయినా బారకాసులో మామను తిథి అడిగినవాళ్ళు లేరు. నెల తిరక్కుండా ఆయన మేస్త్రీ పని వదిలేసి మన దేశం ఓడెక్కాడు. నేను రాసిన ఉత్తరాలు వేటికీ జవాబు రాలేదు. ఆ పడమటి ఆయన పిరికివాడు కాదేమో, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు తలుచుకుని ఆగాడేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఈ రోజుల్లో భూమి తిరగదని వాదించేవాళ్ళే లేరు. బారకాసు పోయింది, గ్రహణమని పస్తుండేవాళ్ళూ పోయారు. అన్ని లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి, నేను ఒక్కణ్ణీ కూర్చుని తింటున్నాను. మామే గనక వచ్చి విడుపయింది తినరా అంటే, పైన చంద్రుడు సగమే ఉన్నా సరే, తల ఎత్తకుండా తినేస్తాను.