బాపు, నేను అతికించిన విమానం

మా చిన్నప్పుడు... బాపు దుబాయికెళ్లి అచ్చిండంటే మేడిపల్లిల మా వాడకట్టంత తెలుస్తుండె. జీపు దిగకముందే అత్తరు వాసన, చాక్లెట్లు, నవ్వులు...

గా సారి మాత్రం చప్పుడు చెయ్యకుంట అచ్చిండు. గడ్డం పెరిగి, కండ్లు లోపటికి పోయి... సంచి అరుగు మీద వెట్టి కూసున్నడు. నేను ఉరికిపోయి మెడ పట్టుకున్న. తల మీద చెయ్యేసిండు, గంతే.

బాపుతోని ఒకే రూముల ఉండే లింగం కాక పనికాడ పడిపోయి సచ్చిపోయిండట. ఆయనది వీర్నపల్లి. శవానికి తోడుగ బాపునే పంపిండ్రు. ముందుగాల వీర్నపల్లి పోయి, అన్నీ అయినంక మా ఇంటికి అచ్చిండు. గివన్నీ మా అవ్వ, గదే మా అమ్మ, చెప్తెనే నాకు తెలిసినయ్.

పక్కింటోళ్ల ఫోన్ల నేను ఎప్పుడూ గదే అడిగేదాన్ని... "బాపూ, విమానం ఎట్లుంటది?" అని. గందుకే ఎప్పుడో ఒక డబ్బ కొని దాసివెట్టిండు. సంచిల నాకోసం గదొక్కటే ఉన్నది. మూత మీద విమానం బొమ్మ మెరుస్తున్నది. తీసి చూస్తె లోపట విమానమే లేదు! ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉన్న రెక్కలు, తోక, చక్రాలు... అన్నీ ఇడిఇడిగ. నాకు ఏడుపచ్చింది.

"ఇరిగిపోలే బిడ్డా... మనమే అతికియ్యాలె."

ఇంటికచ్చినంక బాపు నాతోని మాట్లాడిన మొదటి మాట గది.

ఇగ బడి ఇడిచిపెట్టంగనే ఇద్దరం అరుగు మీద కూసునేది. బాపు దుబాయిల కార్లకు రంగులేసే షెడ్డుల పని చేసేటోడు. గోర్లు తీసే కట్టర్‌తోని ఒక్కొక్క ముక్క తెంపి, ఉప్పు కాయిదంతోని అంచులు రుద్ది నున్నగ చేసేది. నేను నంబర్లు చూసి ముక్కలు అందిచ్చేదాన్ని. గమ్ము వాసన ముక్కుల ఘాటుగ కొట్టేది... రంగేసిన రెక్కల మీద దుమ్ము వడొద్దని అవ్వ గంప బోర్లిచ్చేది.

గని బాపు మాట్లాడేది ఆ ముక్కల గురించే. బువ్వ ముందట వెడ్తె రెండు బుక్కలు తిని లేస్తుండె. లింగం కాక భార్య లచ్చవ్వ చిన్నవ్వ వీర్నపల్లి నుంచి పక్కింటికి ఫోన్ చేస్తే, ఇంట్ల లేనని చెప్పుమనేది. అవ్వ తలుపు సందుల నిలవడి మమ్ముల చూస్తుండె.

"గా మనిషి మనకాడ లేడే... నువ్వన్న ఒక కన్నేసి ఉంచు బిడ్డా," అన్నది నాతోని. గప్పటికెళ్లి బడిల నాకు పానం నిలువకపోయేది.

ఒకనాడు విమానం పొట్ట కాడికి అచ్చినం. అది రెండు సగాలుంటది. అతికియ్యకముందే ముక్కు లోపల బరువు వెట్టాలె, లేకుంటె బొమ్మ తోక మీద కూలవడ్తది. బాపు చిన్నచిన్న నట్లు వెట్టి గమ్ము పోసిండు. సగాలు రెండు దగ్గరికి తెచ్చి... ఆగిండు.

"గీడ బిడ్డా," అని పొట్ట కింద వేలు వెట్టిండు. "గీడ లింగన్న ఉండె. పెట్టెల. నేను గీ పైన, కిటికి కాడ."

నేను గమ్ము మూత వెట్టిన.

"బువ్వ తెచ్చిండ్రు. వద్దనాలె గద... ఆకలయింది. తిన్న. వాడు నా కాళ్ల కింద ఉండంగ తిన్న బిడ్డా!"

చేతుల సగాలు చేతులనే ఉన్నయ్, బాపు గట్టిగ ఏడ్చిండు. బాపు ఏడ్వంగ నేను చూసుడు గదే మొదలు. భయమైంది నాకు. అవ్వ అచ్చి పక్కన కూసున్నది.

"లచ్చవ్వ ఫోన్ చేస్తె ఎందుకు తప్పిచ్చుకుంటున్నవ్?" అని మెల్లగ అడిగింది.

"ఆఖర్న ఏమన్నడని అడుగుతది. వాడు ఏమనలే. ఏం చెప్పాలె నేను?"

"గదే చెప్పు."

గా ఐతారం ముగ్గురం సిరిసిల్ల దాంక ఒక బస్సు, ఆడికెళ్లి ఇంకో బస్సు ఎక్కి వీర్నపల్లి పోయినం. చిన్నవ్వ కుర్చి వేసింది. బాపు కుర్చిల కూసోక నేల మీదనే కూసున్నడు.

"చెల్లె, పడిపోయినంక వానికి మాట రాలే. తల నా ఒళ్లె వెట్టుకున్న. పొద్దుగాల చాయ్ తాగుకుంట మాత్రం, ఇల్లు కురుస్తుందట, ఈ సారి పోతె నేనే ఎక్కి పెంకలు సదురుత అన్నడు. గంతే..."

చిన్నవ్వ చానా సేపు ఏడ్చింది. తర్వాత, "నీ ఒళ్లె వెట్టుకున్నవా అన్నా?" అన్నది. బాపు తలూపిండు. కొంచెం సేపటికి మల్ల గదే అడిగింది. బాపు మల్ల తలూపిండు.

గానాడు పొద్దు గూకేదాంక బాపు వాళ్ల ఇంటి పెంకలు సదిరిండు. నేను, చిన్నవ్వ కింద నిలవడి అందిచ్చినం.

ఆ విమానం పూర్తి చేసినం. నీళ్లల్ల నానవెట్టిన స్టిక్కర్లు నేనే అంటిచ్చిన. ఎండకాలం పోంగనే బాపు మల్ల దుబాయి పోయిండు. మేం ఆపలే, ఆపేటట్టు గూడ లేకుండె. తర్వాత సెలవులకు అచ్చినప్పుడల్లా ఒక డబ్బ తెచ్చేది. అన్నీ తనే చేసి, పొట్ట అతికిచ్చే పని మాత్రం నాకిచ్చి లేచి లోపటికి పోయేది... ఎందుకని నేను ఎన్నడూ అడగలే.

ఇప్పుడు బాపు కోరుట్లల కార్లకు రంగులేస్తున్నడు. గసొంటి విమానం డబ్బలు నేనే ఆర్డర్ వెడ్తె జగిత్యాలల మా ఇంటి దాంక అస్తయ్. దుబాయిల ఉన్నది ఇప్పుడు, గివన్నీ అయినంక పుట్టిన మా తమ్ముడు. రోజు వీడియో కాల్‌ల కనవడ్తడు. "బాగున్నవారా?" అంటె "బాగున్ననే అక్కా" అంటడు, నవ్వుతడు...

గప్పుడు ఫోన్ల బాపు గొంతు ఒక్కటే ఇనవడేది. ఇప్పుడు తమ్ముని మొకం గూడ కనవడ్తుంది. అయినా ఆ నవ్వెనుక ఏమున్నదో నాకు సమజైతలేదు.

మీ ఇండ్లల్ల పరాయి దేశం పోయి అచ్చినోళ్లు ఉంటె... వాళ్లు ఏ పని చేసుకుంట మీ ముందట నోరిప్పిండ్రు? చెప్పుండ్రి... తీరుబడిగ చదువుత.