అప్ప పూర్తిగా చదివిన వాక్యం

మా సంఘంలో నా గురించి ఒక మంచి మాట చెప్పుకుంటారు. డయాలసిస్ మీదున్నవాళ్ళకి ముంచే బాప్తిస్మం లేకపోయినా ప్రభువు బల్ల రొట్టె ఇవ్వవచ్చని వాక్యం చూపించి ఒప్పించింది నేనేనట. మా అప్ప, అంటే మా అక్క, సమాధి దగ్గర పాస్టరు గారు కూడా అదే అన్నారు. నేను తల వంచుకుని విన్నాను. అది నిజం కాదు. ఆ పని చేసింది అప్పే.

మాది భావనపాడు దగ్గర చేపలవేట పల్లె. అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్ద. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో ఆమె పొట్టు తీసేది, నేను విరగని గుండు, చీలిన బద్ద, ముక్క వేరుచేసే బల్ల దగ్గర ఉండేవాణ్ణి. ఆమెను టెక్కలిలో పాత మిషన్ చర్చికి వెళ్ళే ఇంటికి ఇచ్చారు. అక్కడ తల మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మమిచ్చారు. నేను తరవాత మా ఊరి సంఘంలో చేరాను. మా వాళ్ళకి సముద్రంలో నిలువునా ముంచితేనే బాప్తిస్మం. అది పొందేదాకా రక్షణ లేదు, బల్ల లేదు. పలాసలో ఇంకో ప్రార్థన గుంపు ఉండేది. నోటితో ఒప్పుకుంటే చాలు, ఇక ఆ రక్షణ ఎన్నటికీ పోదనేవారు. అప్ప అత్తవారి చర్చి వాళ్ళతోనూ, ఈ గుంపుతోనూ ఏళ్ళ తరబడి వాదించాను. ఎవరికి ఏ వాక్యం విసరాలో నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

బావ పోయాక అప్ప మా ఇంటికి వచ్చేసింది. అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు తొక్కని గుమ్మం తక్కువ. చేతి నరాలు పనికిరాక మెడ పక్కన పైపు పెట్టారు. అది తడిస్తే ప్రాణం మీదికొస్తుందని టెక్కలి డయాలసిస్ గదిలో సిస్టర్ గట్టిగా చెప్పింది. తలస్నానమే లేని మనిషిని సముద్రంలో ముంచేదెలా?

మాకు నెలకోసారి బల్ల. సంఘ పెద్దగా రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల్లో తిరిగేది నేనే. ఆ నెల అప్ప చేతులు చాపి కూర్చుంది. నేను ఆ చేతుల మీదుగా పళ్ళేన్ని పక్కావిడకి అందించాను.

ఇంటికొచ్చాక అడిగింది. “నానేటి పాపం సేసినాన్రా? మా అత్తోరి సర్చిలో ముప్పై యేళ్ళు తీసుకున్నాను.”

“చిలకరిస్తే చెల్లదప్పా.”

“ఈ పైపుతో ములిగితే సచ్చిపోతాను గదా.”

“దేవుడు చూసుకుంటాడులే.”

“ఆయన సూసుకుంటాడు. నువ్వే సూడనేదు.”

నాకు కోపమొచ్చింది. బైబిలు తెచ్చి ముందు పెట్టి, అయితే నువ్వే చదువుకో అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను. అప్ప బడి గడప తొక్కలేదు. కార్ఖానాలో అన్నాలయ్యాక నేను నేర్పిన అక్షరాలే ఆమె చదువు.

కానీ చదివింది. వారానికి మూడుసార్లు, డయాలసిస్ మిషను పక్కన నాలుగేసి గంటలు, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. మత్తయి దగ్గర మొదలెట్టి ఒక్క పేజీ వదల్లేదు. నేనెప్పుడూ అలా చదవలేదు. నాకు పనికొచ్చే చోటికి సూటిగా వెళ్ళి తిరిగొచ్చేవాణ్ణి.

ఒకరోజు డయాలసిస్ గదిలో మంచం మీద నుంచే పిలిచింది. “ఒరే, నమ్మి బాప్తిస్మం పొందితే రక్షణని పిల్లల చేత వల్లె వేయిస్తావే, మార్కు ఆకర్న. అది సగమేనేటి?”

“సగమేంటి?”

“ఆ కింద సూడు. శిక్ష నమ్మనోడికన్నాడు. ములగనోడికన్నాడేటి?”

ఆ సగాన్ని నేను పిల్లలకి ఏనాడూ నేర్పలేదు. తడబడి, పెంతెకొస్తు రోజున పేతురు బాప్తిస్మం పొందమన్నాడు కదా అన్నాను. అప్పటికే అక్కడ పెన్సిలు గీత ఉంది.

“నాకు ఎదురొచ్చిందని అది వదిలీనేదు. ములగమన్నాడు, నిజమే. పైపు తీసిననాడు నానే దిగుతాను. మరి అదే పేతురు ఎల్లిన కొర్నేలీ ఇంట్లో పరిశుద్ధాత్మ ముందొచ్చింది, నీళ్ళు తరవాత. దేవుడు నీళ్ళ కోసం ఆగనేదు. నువ్వేమో జీడిపప్పు ఏరినట్టు ఏరినావు. గుండు నీకూ, ముక్కలు అవతలోడికీ. ముక్క పప్పు కాదేటి?”

పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకుంటున్న ముసలి మావ ఒకడు నవ్వాడు. “పెద్దగోరికి బాగా పెట్టావమ్మా.”

ఆ వారమంతా నోటుపుస్తకం పక్కన పెట్టి, ఆమె గీతల వెంట చదివాను. క్రియలు లేని విశ్వాసం చచ్చిందన్న యాకోబు ముందు పలాస వాళ్ళ ధీమా నిలవలేదు. పౌలు చెప్పిన కృప ముందు మా నీళ్ళ షరతూ నిలవలేదు. రక్షణ ఆయన ఇచ్చేది, నీళ్ళలో దిగడం దానికి మనం పలికే సాక్ష్యం. ఇప్పటికీ నా నమ్మకం ఇదే.

తెలిసింది కదా, వెంటనే చెప్పానా? లేదు. పెద్దరికం పోతుందని భయపడ్డాను. ఇంకో రెండు నెలలు పళ్ళెం ఆమె చేతుల మీదుగానే దాటించాను. ఆమె రెండుసార్లూ చేతులు చాపింది.

మూడో నెల, రొట్టె విరవకముందే అప్ప ఆడవాళ్ళ వైపు లేచి నిలబడింది. మార్కులో ఆ వాక్యం పూర్తిగా, వేలు పెట్టి చదివింది. కొర్నేలీ సంగతి చదివింది. తనకు ఎదురొచ్చే పేతురు మాట కూడా దాచకుండా చదివింది. సంఘమంతా ఓపిగ్గా విన్నది. పాస్టరు గారు అడిగారు, “ఇదంతా నీకెవరు నేర్పారమ్మా?”

“మా తమ్ముడే, అయ్యగారూ.”

అక్షరాలు నేర్పానన్న అర్థంలో అందో, నన్ను కాపాడ్డానికే అందో, అడిగే ధైర్యం నాకు రాలేదు. పాస్టరు గారు నా వైపు తిరిగి, నిజమేనా అన్నారు. అవునయ్యగారూ అన్నాను. నేను పలికింది అంతే. ఆయన చాలాసేపు బైబిలు చూసుకుని, ఆమెకియ్యి అన్నారు. పళ్ళెం ఆమె ముందు వంచాను. రొట్టె తీసుకుని, పక్కవాళ్ళకి వినబడకుండా, “బేగి పద, అవతలోళ్ళు సూత్తన్నారు” అంది.

ఎనిమిది నెలలకి పోయింది. పైపు తియ్యలేదు, సముద్రంలో దిగలేదు. అయినా ఆమె రక్షణ గురించి నాకు అనుమానం లేదు.

ఇదంతా రాసి సంఘంలో చదువుతానని మొన్న పాస్టరు గారితో చెప్పాను.

“ఇప్పుడెందుకయ్యా? నీ మీద గౌరవం పోతాది.”

“అది నాది కాదండి. మా అప్పది.”

సరే, వచ్చే బల్ల ఆదివారం చదువు అన్నారు. నన్ను సంఘ పెద్దగా ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. ఆ అప్పకి తమ్ముణ్ణని చెప్పుకోవడానికి నాకు ఏ పదవీ అక్కర్లేదు.