బాబాయి లాన్, పచ్చబడ్డ కుంట

మా బాబాయి దేవదానం ఫోన్ చేస్తే మొదటి పది నిమిషాలు గడ్డి గురించే. పాల్వంచ కాలనీలో గెస్ట్‌హౌస్ లాన్‌ను ముప్పై ఏళ్లు పెంచిన మనిషి మరి. రిటైరయ్యాక ఊరికి వెళ్లి, కుంట గట్టున ఉన్న చిన్న చర్చి ముందు కూడా లాన్ వేశాడు. పోయిన వారం మాత్రం గడ్డి ఊసెత్తలేదు. "అమ్మా, కుంట నీళ్లు పచ్చగైనయి. వచ్చే ఆదివారం రూతు బాప్తిస్మం. నువ్వు సైన్సు టీచర్‌వి గద, జర వచ్చి చూసిపో" అన్నాడు. రూతు ఆయన మనవరాలు, డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో అందరూ బాప్తిస్మం తీసుకున్నది ఆ కుంటలోనే. పిన్ని పోయాక, మనవరాలు కూడా అందులోనే దిగాలనే కోరిక ఆయనకు మరీ ఎక్కువైంది.

శనివారం పొద్దున ఆరింటికి ఖమ్మంలో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కార్డు మరిచిపోయి కండక్టర్‌ను ఎంత బతిమాలినా లాభం లేదు, నాకు అనుభవమే. కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిని, పాల్వంచలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. అక్కడి నుంచి షేర్ ఆటోకు నలభై రూపాయలు, అరగంట దారి. ఇళ్లు పలచబడి టేకు చెట్లు మొదలయ్యాయి. "కుంట కాడ దిగుతరా మేడం? ముక్కు మూసుకోవాలె. మా బర్రె మూతి గూడ పెడ్తలేదు" అన్నాడు డ్రైవర్. ఎప్పటి నుంచని అడిగితే, "పెద్ద వాన పడ్డ కాడి నుంచి" అన్నాడు.

నిజమే, నీళ్లు పాలకూర పప్పులా ఉన్నాయి. పక్కనే బాబాయి లాన్ మాత్రం కళ్లు తిప్పుకోనివ్వలేదు. నా చేతిలో సంచి కూడా దింపనివ్వకుండా మొదలుపెట్టాడాయన. "పైన పత్తి చేనోళ్ల మందే ఇదంతా. ముత్తయ్యతోని కొట్లాడి వచ్చిన." సరే, చూద్దామని కుంట చుట్టూ నడిచాను. ముత్తయ్య చేను నీళ్లు పక్క కాలువలో పడి కుంటకు దిగువన వాగులో కలుస్తున్నాయి. కుంటలోకి వాలు ఉన్నది ఒక్క లాన్ నుంచే. నాచు చిక్కగా ఉన్నదీ ఆ ఒడ్డునే. గడ్డి దుబ్బుల మధ్య డీఏపీ ఎరువు గుళికలు కనిపించాయి.

"ఇది ఎప్పుడు చల్లావు బాబాయ్?"

"నిన్ననే. ఆ పెద్ద వానకు ముందు గూడ చల్లిన. చుట్టాలొస్తరు గద, పచ్చగుండాలె. మబ్బు పడితే చల్లుత, వానకు కరిగి దిగుతది. గెస్ట్‌హౌస్‌ల గిట్లనే చేసేది."

"అక్కడ వాననీళ్లు ఎటు పోయేవి?"

"మోరీలకు."

"ఆ మురికి కాలువ నుంచి?"

"ఏమో బిడ్డా. ముప్పై ఏండ్లు గడ్డిని చూసిన గని, నీళ్లెటు పోతున్నయో ఎన్నడు చూడలే."

అప్పుడు చెప్పాను. డీఏపీలో ఉండే భాస్వరం పైన చల్లితే వేళ్ల దాకా అంత తేలిగ్గా దిగదు. వాన కొడితే మట్టితో పాటు కొట్టుకుపోయి నీళ్లలో నాచుకు తిండి అవుతుంది. అందుకే చేలల్లో దాన్ని విత్తేటప్పుడే మట్టిలో వేయమంటారు. ఏళ్ల తరబడి వేసిన నేలలో అసలు అవసరమే ఉండకపోవచ్చు, అది మట్టి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. బాబాయి చర్చి మెట్టు మీద కూలబడ్డాడు. "అంటే కుంటను ఖరాబు చేసింది నేనేనా?" అవునని చెప్పాను.

కాసేపటికి లేచి చీపురు తెచ్చాడు. ఇద్దరం గుళికలు ఊడ్చి ఎత్తాం. ఆ తర్వాత ముత్తయ్య ఇంటికి వెళ్లి, వాకిట్లో నలుగురి ముందు, "తప్పు నాదే ముత్తన్నా" అన్నాడు. ముత్తయ్య మాకు టీ పెట్టించాడు. నాకైతే బాబాయి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం పాస్టరుగారు వచ్చారు. ఆ నాచులో మనిషి దిగడం మంచిది కాదని, అడుగు బురదలో చేరిన భాస్వరం వల్ల నీళ్లు తేరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చని చెప్పాను. పాల్వంచలో ఒక చర్చికి సిమెంటు తొట్టి ఉందనీ రేపు అక్కడే కానిద్దామనీ ఆయన అన్నారు. బాబాయి తలదించుకుని సరేనన్నాడు. పక్కనే నిలబడి వింటున్న రూతు, "నేను ఆగుత తాతా. ఈ నీళ్లు తేరినంకనే దిగుత" అంది.

"అప్పటిదాక నేనుంటనో లేదో బిడ్డా."

"ఉండాలె. నువ్వు ఒడ్డున లేకుంటే నేను దిగ."

నాలుగున్నరకు తిరుగు ఆటో ఎక్కేటప్పటికి బాబాయి కుంట వైపున్న మూర వెడల్పు లాన్‌ను పారతో తవ్వేస్తున్నాడు. అక్కడ ఎత్తుగా పెరిగే అడవి గడ్డి పెడతాడట, మట్టిని ఆపడానికి. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. మనం ప్రాణంగా పెంచుకునేది పక్కనున్నదాన్ని చంపుతోందేమో అని ఒకసారి తల తిప్పి చూడడం ఇంత కష్టమా అనిపించింది. మీ ఇంటి ముందు లాన్ ఉన్నా, ఊళ్లో చేను ఉన్నా ఒక పని చేయండి: ఎరువు సంచి విప్పే ముందు, ఒక వానలో గొడుగు వేసుకుని మీ నీళ్ల వెంట చివరిదాకా నడవండి. ఆ చివర ఎవరో ఒకరు దిగడానికి ఎదురుచూస్తూ ఉంటారు.