పిన్ని వేలి మీద నేను రాసిన గొప్పలు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే తిట్లు కాస్త తక్కువ పడతాయని ఆశ.

మా సైట్‌లో టీ తాగే రేకుల షెడ్డు గోడకి ప్రతి సోమవారం నేనో కాగితం అంటిస్తాను. మేస్త్రీ గురక మీద, స్టోర్ కీపర్ టోపీ మీద వెటకారాలు. నా అసలు పని లిఫ్టు నడపడం. రాయమని ఎవరూ అడగలేదు, ఆపమన్నా ఆగను. ఆ వారం అదే సైట్‌లో కిటికీల పని చేసే మా పిన్ని మీద పడ్డాను. కిటికీలో వెంట్రుకంత సందున్నా ఆవిడ వేలు పట్టేస్తుందని, గాలి కూడా ఆవిడ్ని అడిగే లోపలికొస్తుందని రాశాను. కొంప ముంచింది ఆ రెండు ముక్కలే.

కట్టేది ఆసుపత్రి. ఒక్కో కిటికీకి మూడు పొరల అద్దం, ఎండ వేడి లోపలికి పాకకుండా మధ్యలో ప్లాస్టిక్ పట్టీ వేసిన అల్యూమినియం ఫ్రేము. ఇంత హంగు చేశాక ఫ్రేముకీ గోడకీ మధ్య సందు మిగిలిందా, మొత్తం దండగ. ఏసీ రోజంతా రొప్పుతుంది, కరెంటు తగలబడుతుంది, బయటి దుమ్ము తిన్నగా పోయి మంచం మీదున్న రోగి ముక్కులో కూర్చుంటుంది. ఆ సందు మూసేది మా పిన్ని. ముందు ఘాటు మందుతో ఫ్రేము తుడుస్తుంది, తర్వాత తుపాకీ లాంటి దాంతో గమ్ము పట్టిస్తుంది, ఆఖర్న వేలితో ఒక్క లాగుడు. పధ్నాలుగేళ్ళుగా అదే. గ్లవ్స్ వేసుకుంటే గీత వంకర పోతుందని వేసుకోదు.

అప్పటికి నాకు తెలియనిదేంటంటే, ఆ వేళ్ళు చచ్చి రెండేళ్ళయింది.

మొదట కొసలు తిమ్మిరెక్కాయి. కొన్నాళ్ళకి ఆ తిమ్మిరి కూడా పోయింది. ఓ పొద్దున పొయ్యి మీది గిన్నెని ఒట్టి చేత్తో పట్టుకుని నిలబడితే, చెయ్యి కాలుతోందమ్మా అని కూతురొచ్చి చెప్పాల్సొచ్చింది. పిన్ని గిన్నె దించి, ఆ చేతిని పక్కింటావిడ చెయ్యి చూసినట్టు చూసింది. పిల్ల ఏడ్చింది. తనకి ఏడుపూ రాలేదు, భయమూ రాలేదు. ఎవరికైనా తెలిస్తే ఈ పని పోతుంది, ఈ వయసులో ఇంకోటి దొరకదు. అంతవరకే లెక్క. సైట్‌లో ఎవరూ లేనప్పుడు చెంప తడి చేసుకుని, ఫ్రేము వెంబడి ఆనించి గాలి చూసుకునేది.

బుధవారం ఇంజనీరు మేడమ్ రెండో అంతస్తు వార్డులో పరీక్ష పెట్టింది. తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలి బయటికి లాగుతారు. సందున్న చోటునుంచి బయటి గాలి దూరుతుంది. గాలి ఎక్కడో కారుతోందని మీటరు చెప్పింది గానీ, ఏ కిటికీ దగ్గరో చెప్పలేదు. చూడ్డానికి పెద్ద డాక్టరు కూడా వచ్చాడు. మెకానిక్ సందులు కనిపెట్టే పొగ గొట్టం తియ్యబోతుంటే మేడమ్ ఆపి, షెడ్డు గోడ మీద చదివాను, ముందు ఆవిడ వేలు చూద్దాం అంది నవ్వుతూ.

పిన్ని మొదటి కిటికీ మీద వేలు పెట్టింది. ఏమీ లేదు. రెండోది. మూడోది. గోడా, ఫ్రేమూ, గాలీ అన్నీ ఒకటే. ఏదో ఒక మూల చూపించెయ్యొచ్చు. తప్పయితే ఫ్యాను మీదకి నెట్టెయ్యొచ్చు. కానీ అబద్ధమాడ్డానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా, అదీ లేదు. అరచెయ్యి తడి చేసుకుని చెంపకి రాసుకుంది. అందరి ముందే ఆ చెంప ఫ్రేముకి ఆనించింది. మళ్ళీ మొదటి కిటికీ నుంచి, ఒక్కోటీ, ఒక్కోటీ. ఎవరూ నవ్వలేదు. తొమ్మిదో కిటికీ కింద ఎడమ మూల దగ్గర ఆగింది.

"ఇక్కడ."

పొగ పెట్టారు. పొగ సరిగ్గా అక్కడే చెదిరింది.

చెంపెందుకని మేడమ్ అడిగింది.

"వేళ్ళు పనిచెయ్యవు మేడమ్. రెండేళ్ళయింది."

డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని, పెన్ను మొనతో వేలి కొస నొక్కాడు. తెలుస్తోందా అన్నాడు.

"కనిపిస్తోంది" అంది పిన్ని.

ఆ మధ్యాహ్నమే గమ్ము తుపాకీ ఆవిడ దగ్గర తీసేసుకున్నారు. ఆ ఘాటు మందు ఇంకా ముట్టుకుంటే మొద్దుబారడం మణికట్టు దాకా పాకుతుందని డాక్టరు తేల్చేశాడు. మిగిలిన మూడంతస్తుల్లో పొగ గొట్టం పట్టుకుని సందులు వెతికే పని ఇచ్చింది మేడమ్. అవి అయ్యాక ఏంటన్నది ఆవిడ చెప్పలేదు, పిన్ని అడగలేదు.

సాయంత్రం లిఫ్టులో ఇద్దరమే దిగుతున్నాం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు జోకు దొరకలేదు. కావాలని చెయ్యలేదు పిన్నీ, వచ్చే సోమవారం ఉన్నదున్నట్టు రాసి సరిచేస్తాను, నువ్వెంత బాధపడ్డావో అందరికీ తెలియాలి అన్నాను. పిన్ని జాలీలోంచి అంతస్తులు ఒక్కోటీ పైకి పోతుంటే చూస్తూనే అంది.

"రాసుకోరా. నేను ఏడ్చానని మాత్రం రాయకు. నీకు ఏడుపొస్తే నీ పేరు మీద రాసుకో."