నల్ల పట్టీ కట్టిన మనిషి

రిటైరయ్యే ఏడాది వేసవిలో నేను వరంగల్లులో ఒక పెద్ద దవాఖానలో, కాలిన గాయాల వార్డుకు ప్రొఫెసర్‌గా ఉన్నాను. సరిహద్దులో కాల్పులు మొదలై, టీవీలు యుద్ధం యుద్ధమని ఊగిపోతున్న రోజులు. అణుబాంబు పడితే ఆస్పత్రి ఏం చేయాలో మాక్ డ్రిల్ చేసి చూపించమని పైనుంచి ఆదేశం వచ్చింది.

నాకు చిర్రెత్తింది. మా వార్డులో పడకలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒళ్లు సగం కాలిన మనిషిని బతికించాలంటే ఒక నర్సు రోజంతా అతని దగ్గరే ఉండాలి. డ్రెస్సింగులు, సెలైన్లు, చర్మం అతికించడం నెలల తరబడి సాగుతాయి. ఊరు ఊరంతా కాలితే ఎవరిని బతికిస్తాం? మత్తు డాక్టర్ రహీం నాకంటే చిన్నవాడు, మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. నా గొణుగుడు విని నవ్వేవాడు. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. ఆళ్ల దగ్గరుంది, మన దగ్గరుంది. ఇద్దరికి ప్రాణం తీపే. బటన్ ఎవ్వడు ఒత్తడు" అనేవాడు. అందులో నిజం లేకపోలేదు. ఇన్నేళ్లుగా బాంబులున్నాయి, ఎవరూ మన మీద వేయలేదు.

డ్రిల్లులో అసలు పని పట్టీలు కట్టడం. గాయపడినవారి చేతికి ఎర్ర పట్టీ కడితే వెంటనే వైద్యం చేయాలి. పసుపైతే కాస్త ఆగవచ్చు, ఆకుపచ్చైతే నడవగలడు. నలుపు అంటే చనిపోయాడు, లేదా ఎలాగూ బతకడు. అతని మీద మందులు, మనుషులను ఖర్చుపెట్టకూడదు. ఆ రోజు పెట్టుకున్న నియమం ప్రకారం ఒళ్లు సగానికి మించి కాలితే నలుపే.

నర్సింగ్ విద్యార్థులు పారాణి పూసుకుని, కట్లు కట్టుకుని క్షతగాత్రులయ్యారు. కొందరు బంధువుల వేషంలో గుండెలు బాదుకున్నారు. సూపరింటెండెంటు గారు పెళ్లిపెద్దలా హడావుడిగా తిరిగారు.

సరిగ్గా అప్పుడే సమ్మయ్యకు డ్రెస్సింగ్ పూర్తయింది. అతను ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. గోనెసంచుల గుట్టకు నిప్పంటుకుంటే ఆర్పబోయి కాలాడు. సగానికి పైగా కాలినా కొన్ని వారాలుగా నిలదొక్కుకుంటున్నాడు, మేమంతా ఆశపడ్డాం. మత్తులో ఉన్న అతన్ని వార్డుకు తీసుకొస్తుంటే, లిఫ్టు డ్రిల్లుకు ఇచ్చేశారని తెలిసింది. వార్డుబాయ్ స్ట్రెచర్‌ను వరండాలో ఆపి సాయం పిలవడానికి వెళ్లాడు. ఇంతలో పట్టీలు కట్టే బృందం వచ్చింది. కట్లు చూసి, ఎంత కాలిందో అంచనా వేసి, నల్ల పట్టీ కట్టి, నల్ల పట్టీవాళ్ల కోసం కేటాయించిన వెనక షెడ్డులోకి తోసేసింది.

అతని భార్య కొమురమ్మ డ్రిల్లు కోసం అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడి ఉంది. డ్రిల్లు జరిగినంతసేపు బంధువులను లోపలికి రానివ్వరు. ఆమె అరిచింది. "మా ఆయిన యాక్టింగ్ జేస్తలేడు బిడ్డా! నిజంగనే కాలిండు. జర సూడుండ్రి, మీ కాల్మొక్త!" బాగా ఏడుస్తోందని ఎవరో మెచ్చుకున్నారట.

నేను ముందువైపు హాల్లో అధికారులకు ఈ పట్టీల గురించే వివరిస్తున్నాను. కబురంది షెడ్డుకు పరుగెత్తేసరికి సెలైన్ అయిపోయి ఉంది. కట్ల మీద దుమ్ము, ఈగలు. నాడి అందీ అందనట్టుంది. రహీమూ నేనూ చేయగలిగిందంతా చేశాం. ఆ వారంలోనే సమ్మయ్య పోయాడు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకింది. అంత కాలినవాళ్లు అలా పోవడం మామూలే. షెడ్డు వల్లే పోయాడని చెప్పలేను, కాదనీ చెప్పలేను. శవాన్ని తీసుకెళ్తూ కొమురమ్మ నన్ను ఒక్కటే అడిగింది.

"బాంబు పడనే లేదు గద సారూ?"

విచారణలో తప్పు ఎవరి మీదా తేలలేదు. పట్టీ కట్టినవాళ్లు నియమం ప్రకారమే కట్టారు. తాడు దగ్గరి కానిస్టేబుల్ నియమం ప్రకారమే ఆపాడు. డ్రిల్లు విజయవంతమైందని రాశారు. రహీం మళ్లీ నా దగ్గర బటన్ మాట ఎత్తలేదు.

ఇప్పుడు మడికొండలో మా కాలనీవాళ్లు, బాంబు ఉండబట్టే దేశం భద్రంగా ఉందని వాదిస్తుంటారు. బాంబు వేయడానికి గట్టి నియమాలున్నాయని, తు.చ. తప్పకుండా పాటించే మనుషులున్నారని నాకు ధైర్యం చెబుతారు. నాకు ధైర్యం రాదు. మనుషులు నియమాలు పాటిస్తారనే నేనూ నమ్ముతాను. ఎదుటి మనిషి నిజంగా కాలాడో లేదో చూడకుండానే పాటిస్తారు.