వెండి బొమ్మ పక్కన సుఖ్‌వారిన్

పక్క క్వార్టర్‌లో తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. పొద్దుటినుంచి టర్పెంటైన్ వాసన. కోడలు కిటికీ మూయబోతే వద్దన్నాను. అది తార్‌బహార్ పేటలో నరసమ్మత్త ఫోటో స్టూడియో వాసన.

ఆమె మాకు చుట్టం కాదు. మా నాన్న ఇంజను డ్రైవరు. ఆయనా, ఆమె భర్తా ఇద్దరూ విజయనగరం వైపునుంచి ఈ హిందీవాళ్ల రైల్వే ఊరికి వచ్చినవాళ్లు కనుక ఆమె నాకు అత్త అయింది. 1931లో ఫోటోలు తీసే ఆ భర్త పోతే, ఆయన కెమెరా అమ్ముకుని ఊరికి పోతుందనుకున్నారందరూ. దినాలు కాగానే ఆమె స్టూడియో తలుపు తీసింది. పరదా పాటించే పెద్దిళ్లలో ఆడవాళ్ల ఫోటోలు తీయడానికి మగవాణ్ని రానివ్వరు. ఆ ఇళ్లే ఆమెకు అన్నం పెట్టాయి.

నాకు నెగటివ్‌లు దిద్దడం నేర్పింది ఆమే. గాజు పలక మీద కాస్త వార్నిష్ రుద్ది, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దిద్దేవాళ్లం. పలక మీద నల్లబడిన చోటు కాగితం మీద తెల్లగా వస్తుంది. అందరికీ కావలసింది అదే. మొహం తెల్లగా రాకపోతే ఫోటో తీసుకునేవారు కాదు.

1938లో ఒక జమీందారుగారి కొత్త కారు రైల్లో వచ్చి మా గూడ్స్ షెడ్‌లో దిగింది. 1940 అని కొందరంటారు, తప్పు. కారు ముక్కు మీద చిన్న వెండి బొమ్మ. గాలికి ఎదురుగా ముందుకు వంగిన ఆడమనిషి, వెనక రెక్కల్లా ఎగిరే బట్ట. జమీందారిణి ఫోటోకని పిలిస్తే వెళ్లిన అత్త, ఆ బొమ్మను కూడా ఒక పలక మీద పట్టింది. అది చూసి జమీందారు ముచ్చటపడ్డాడు. బొమ్మ గౌరవార్థం తన హాల్లో పెట్టడానికి పెద్ద పటం చెయ్యమన్నాడు. "మీకు తోచినట్టు చెయ్యండి" అన్నాడు.

అత్త నన్ను వెంటబెట్టుకుని లోకో షెడ్‌కు నడిచింది. అక్కడ ఆడకూలీలు తలమీద బొగ్గు తట్టలతో ఏటవాలు చెక్క ఎక్కి ఇంజనుకు బొగ్గు పోస్తున్నారు. ఎదురుగాలి. వాళ్లలో సుఖ్‌వారిన్ అనే ఆమెను, ఫోటోకి కాస్త ఆగుతావా అని అడిగింది అత్త.

"ఆగితే తట్ట బరువెక్కుతుంది దాయీ. నడుస్తుంటే తీసుకో."

దాయీ అంటే అక్కడి మాటలో అమ్మ. అత్త అలాగే తీసింది. ముందుకు వంగిన ఒళ్లు, వెనక ఎగిరే కొంగు. వెండి బొమ్మనూ ఆమెనూ ఒకే చట్రంలో పక్కపక్కన బిగించింది.

పటం చూడడానికి జమీందారుగారి మున్షీ వచ్చాడు. హిందీలో అన్న మాటలు తెలుగులో రాస్తున్నాను.

"ఇదేమిటమ్మా, దొరల బొమ్మ పక్కన బొగ్గు కూలీనా?"

"గాలికి ఎదురెళ్లడం ఇద్దరికీ వచ్చు మున్షీజీ."

"అచ్ఛా, సరే. ఆ తట్ట చెరిపెయ్యండి. మొహం తెల్లగా చెయ్యండి. అప్పుడు తీసుకెళ్తాను. లేదంటే ఏ జనానాలోనూ మీ కెమెరా అడుగుపెట్టదు."

ఆయన అన్నంతపనీ చెయ్యగలడని మా ఇద్దరికీ తెలుసు. నేను అలవాటుగా పలకా పెన్సిలూ అందుకున్నాను.

"ఏటే గుంటా, ఎవులు సెప్పేరు నీకు? కిందెట్టీ పెన్సిలు."

"అన్నం పోద్ది అత్తా."

"పోనీ. అడిగినోళ్లకి దిద్దేం. సుఖ్‌వారిన్ అడగనేదు."

మున్షీ వెళ్లిపోయాడు. అత్త పటాన్ని రోడ్డువైపు కిటికీ అద్దంలో పెట్టింది. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ సుఖ్‌వారిన్ అద్దం ముందు ఆగి చాలాసేపు చూసింది.

"నేనేనా దాయీ? షిఫ్టుకి లేటయినట్టున్నాను," అని నవ్వింది. వెండి బొమ్మను చూపించి, "ఈమెకేం తొందర? చేతిలో పనేం కనబడదు!"

మున్షీ మాట నిలబెట్టుకున్నాడు. ఒక్క పెద్దింటినుంచి కూడా మళ్లీ పిలుపు రాలేదు. అత్త ఆఖరిదాకా రైల్వే కూలీల ఫోటోలతోనే నెట్టుకొచ్చింది. పటం మాత్రం అద్దంలోంచి తియ్యలేదు.

ఆమె తర్వాత ఆ స్టూడియోను నేనే నడిపాను. తెల్లగా చెయ్యమని వచ్చిన వాళ్ల చేతికి ముందు అద్దం ఇచ్చేదాన్ని. "ఈ మొహంలో దిద్దాల్సిన తప్పెక్కడుందో మీరే చూపించండి" అనేదాన్ని. కొందరు కోపంతో లేచిపోయేవారు. పోనిచ్చేదాన్ని.