ఉతకని గుడ్డ

మరక కనబడితే పసిపిల్లల వార్డు ఆయాకి చెయ్యి ఊరుకోదు. పొత్తిగుడ్డలన్నీ సబ్బునీళ్లలో నానేసి, పిండి, ఆరేసి, ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తి చూసుకుని తల పంకిస్తుంది. ఉచ్చగుడ్డలే కదా, నీళ్లలో జాడిస్తే చాలని తోటివాళ్లు అంటే చెవిన పెట్టదు. మూడో మంచం మీది పద్నాలుగు రోజుల పాప గుడ్డలు మాత్రం రెండు రోజులుగా ఆవిణ్ణి సతాయించాయి. పసిదాని ఉచ్చ నీళ్లలా ఉండాలి. ఇదేమో ముదురు పసుపుగా అంటుకుని ఓ పట్టాన వదల్లేదు. వేణ్ణీళ్లు పోసి, సబ్బు మార్చి, చివరికి ఎలాగో వదలగొట్టింది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ పాప కళ్లు విప్పి చూసింది. తెల్లగుడ్డు ఇంకా పచ్చగానే ఉంది. "ఉచ్చ ఏ రంగులో వస్తోందమ్మా?" అని తల్లిని అడిగింది.

ఆపరేషను కుట్లు చీముపట్టి ఇంకా లేవలేని తల్లి, "గుడ్డలు ఆయమ్మే మారుస్తుందండీ. చూడండి, మల్లెపువ్వుల్లా ఉన్నాయి" అంది.

గుమ్మంలో మడతల దొంతరతో నిలబడ్డ ఆయా మంచం దగ్గరికి వచ్చింది. "పచ్చగా మరక పడుతోందమ్మా. రెండు రోజులైంది. నేనే పోగొట్టాను."

"మరక పడుతోందంటే కాలేయం సంగతి తేల్చుకోవాలి. రక్తపరీక్షకి పంపుతాను. ఈసారి గుడ్డ ఉతక్కుండా నా దగ్గరికి తీసుకురా."

గంటకి పాప గుడ్డ తడిపింది. మరక పైకి కనబడేలా మడిచి, రెండు చేతులా పట్టుకుని ఆయా వార్డు మధ్యలోంచి నడిచింది. దారిలో కొళాయి తగిలింది. చెయ్యి అటే లాగింది. చూపు తిప్పుకుని ముందుకు నడిచింది.